తండ్రుల నాటి మోటారు సైకిలు

(మైసూరు తెలుగువారి నెలసరి సమావేశములో, మోటారు విడిభాగముల వర్తకులొకరు చేసిన ప్రసంగ పాఠము)



పాత టూ-స్ట్రోకు మోటారు సైకిళ్లను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గమువారు మమ్ము కోరిరి. భాషను గూర్చి, పిల్లల చదువులను గూర్చి, సంబంధ బాంధవ్యములను గూర్చి మాటలాడుకొను ఈ వేదికపై ఇనుప యంత్రము మాట యేల యని కొందరికి తోచవచ్చును. కాని మా అంగడి బల్లయొద్దకు వారమునకు ఒకరిద్దరైనను మనవారు వచ్చి, “మా నాయనగారి బండి పెరటిలో పడియున్నది. దానినేమి చేయుమందురు?” అని అడుగుచునే యున్నారు. వారికి విడివిడిగా చెప్పు సమాధానమునే నేడు అందరి యెదుట చెప్పదలచితిమి.

ఆ సమాధానము చిన్నదే. బండిని ఉంచుకొనదలచినచో నడుపుకొనుచు, కాగితములు సరిచేసికొని ఉంచుకొనుడు. అందుకు తీరికయు శ్రద్ధయు లేనిచో, అది బాగుండగనే శ్రద్ధ గలవానికి ఇచ్చివేయుడు. ఉంచుకొనక, ఇయ్యక, గోనెపట్టా కప్పి మూలబెట్టుట మాత్రము వలదు. మన యిండ్లలో జరుగుచున్నది తరచుగా ఈ మూడవదే.

ఇంటి వస్తువు ఎట్లయినది

ఈ బండ్లకును మన ఊరికిని ఉన్న సంబంధము మీలో పెద్దలు ఎరుగుదురు. జావా అను పేరు 1929లో ప్రేగు నగరమున పుట్టినది. ఆ సంస్థవారి అనుమతితో ఇరానీ కుటుంబమువారు ఐడియల్ జావా అను పేరున మైసూరు యాదవగిరిలో కర్మాగారము నెలకొల్పిరి. 1961లో జయచామరాజ ఒడెయరువారు దానికి ప్రారంభోత్సవము చేసిరి. 1973 నుండి అవే బండ్లు యెజ్డి అను పేరున వెలువడినవి. 1996లో కర్మాగారము మూతపడినది. ముప్పదియైదేండ్లు ఆ కర్మాగారపు సైరను విని గడియారము సరిచూచుకొనిన వీధులు ఈ ఊరిలో ఉండెడివి.

ఇతర ప్రాంతముల మనవారికి ఇతరమైన పేర్లు పరిచితములు. ఫరీదాబాదు నుండి 1962 మొదలు వచ్చిన రాజదూతు పల్లెబాటలపై పాలబిందెలు మోసినది. మనవారు తరతరములుగా నివసించు హోసూరు నుండి 1980లో టి.వి.ఎస్. 50 మోపెడును, 1984లో ఇండ్-సుజుకి బండియు వచ్చినవి. 1985లో యమహా ఆర్.ఎక్స్. 100 వచ్చి యువకులను ఆకర్షించినది. దాని ఉత్పత్తియు 1996లోనే నిలిచినది. 1991 నుండి పొగకు హద్దులు విధింపబడి, 1996లోను 2000లోను అవి మరింత బిగిసెను. ఆ బిగువునకు తట్టుకొనలేక టూ-స్ట్రోకు మోటారు సైకిళ్లు కర్మాగారములనుండి క్రమముగా తొలగిపోయినవి.

కావున మన యిండ్లలోని బండి యేదైనను దాని వయస్సు ఇరువది యేండ్లకు పైమాటయే. ఆ బండిపై సరకుల మూటలు కట్టుకొని సంతలకు పోయి వర్తకము నిలబెట్టిన తండ్రులు మనలో ఎందరికో ఉన్నారు. అందువలననే దానిని అమ్మ మనసొప్పదు. నడుపుటకు తీరిక చాలదు. ఈ రెంటి నడుమ బండి త్రుప్పుపట్టును.

యంత్రపు గుణము

టూ-స్ట్రోకు యంత్రమును కాపాడుకొనుటకు దాని స్వభావమును కొంచెము తెలిసికొనవలెను. ఇప్పటి బండ్లలోని ఫోర్-స్ట్రోకు యంత్రమునందు క్రాంకు రెండు చుట్లు తిరిగిన ఒకమారు మంట పుట్టును. టూ-స్ట్రోకులో చుట్టునకొకమారు పుట్టును. వాల్వులు లేవు. పిస్టనే పైకి క్రిందికి పోవుచు సిలిండరు గోడలోని ద్వారములను మూయుచు తెరచుచుండును. పిస్టను క్రిందనున్న క్రాంకు గది కమ్మరి కొలిమితిత్తి వలె గాలిని, పెట్రోలును పీల్చి పైకి నెట్టును. ఆ గదిలో వేరుగా నూనె నిలువయుండదు గనుక, పెట్రోలుతో కలిసివచ్చు నూనెయే బేరింగులకును పిస్టనునకును తడి యిచ్చును.

ఈ కొద్దిమాటలు గుర్తున్నచో బండికి వచ్చు రోగములలో చాలవరకు మనకే తెలియును.

మొదటిది నూనె. లీటరు పెట్రోలునకు ఎంత నూనె యను లెక్క ఆ బండి పుస్తకములో ఉండును. ఇరువదికి ఒకటి యన్నచో లీటరునకు 50 మిల్లీలీటర్లు. ఇరువదియైదునకు ఒకటి యన్నచో 40. ఏబదికి ఒకటి యన్నచో 20. పూర్వము పెట్రోలు బంకులోనే కొలిచి కలిపి పోసెడివారు. ఇప్పుడు ఆ యేర్పాటు చాలచోట్ల కనబడదు గనుక మనమే కలుపుకొనవలెను. కొలతపాత్ర వెల ఒక పూట కాఫీ ఖర్చు కూడ కాదు. అయినను సీసా మూతతో ఉజ్జాయింపుగా పోయువారే ఎక్కువ. “ఒక చుక్క ఎక్కువైన మేలే గదా” యని పలువురి నమ్మకము. అది సరికాదు. నూనె హెచ్చినచో ప్లగ్గు మసిబారును, సైలెన్సరు పూడును. అంతేగాక, మిశ్రమములో నూనె హెచ్చినమేరకు పెట్రోలు పాలు తగ్గి యంత్రము వేడెక్కును. తగ్గినచో పిస్టను సిలిండరు గోడను పట్టివేయును. కొలత కొలతగనే ఉండవలెను. ఫోర్-స్ట్రోకు బండ్లకు వాడు నూనెను ఇందులో పోయరాదు. అది కాలిపోవుటకై చేసిన నూనె కాదు. టూ-స్ట్రోకు కొరకు చేసిన నూనెయే తగినది.

ఆర్.ఎక్స్. 100 వంటి బండ్లలో నూనెకు వేరు తొట్టియు చిన్న పంపును ఉండును. వానిని నడుపువారు పెట్రోలు చూచునట్లే నూనెతొట్టిని చూడవలెను. చాలకాలము నిలిచిన బండిలో నూనె గొట్టమున గాలి చేరియుండును. దానిని వెడలించిన పిమ్మటనే బండిని దూరము తీసికొనిపోవలెను.

నూనె పెట్రోలుతో కలిసి వచ్చు బండ్లకు మరియొక నియమము కలదు. చాముండి కొండ దిగునప్పుడు యాక్సిలేటరు పూర్తిగా మూసి, గేరులోనే వదలి దిగువారు కలరు. యంత్రము వేగముగా తిరుగుచునే యుండును గాని దానికి పెట్రోలు అందదు. పెట్రోలు అందనప్పుడు నూనెయు అందదు. అట్టి దిగుడులో అప్పుడప్పుడు యాక్సిలేటరును కొంచెము తెరచుచు దిగవలెను. త్రోవలో పిస్టను పట్టివేయుచున్నట్లు, అనగా బండి తనంతట బిగుసుకొనుచున్నట్లు తోచినచో, తక్షణమే క్లచ్చి నొక్కి ప్రక్కకు తీయుడు. వెనుక చక్రము బిగిసినచో మనిషి పడును. అన్నిటికంటె ముందు కాపాడుకొనవలసినది మనిషినే గదా.

రెండవది సీళ్లు. కొలిమితిత్తికి చిల్లిపడినచో నిప్పు రాజదు. క్రాంకు గదికి ఇరువైపుల రబ్బరు సీళ్లు ఉండును. డైనమో లేక మాగ్నెటో వైపు సీలు చెడినచో బయటిగాలి దూరి మిశ్రమము పలుచనగును. బండి యాక్సిలేటరు మూసినను తనంతట వేగముగా తిరుగును, వేడెక్కును, తుదకు పిస్టను పట్టివేయును. క్లచ్చి వైపు సీలు చెడినచో ఆ వైపునగల నూనె యంత్రములోనికి పీల్చబడి దట్టమైన పొగ వచ్చును. అక్కడి నూనె మట్టము దినదినము తగ్గును. ఇట్టి పొగను చూచి, పెట్రోలులో నూనె హెచ్చినదని తలచి, కలుపు నూనెను తగ్గించువారు కలరు. రోగమొకటి, మందొకటి యగును. సీళ్ల వెల స్వల్పము. వానిని మార్చుటకు యంత్రము విప్పవలెను గనుక కూలి హెచ్చు. ఆ కూలికి వెనుకాడి పిస్టను, సిలిండరు, క్రాంకు మూటిని పోగొట్టుకొనినవారిని మేము చూచితిమి.

మూడవది మసి. నూనె కాలిన మసి పిస్టను తలపైనను, పొగ వెడలు ద్వారమునందును, సైలెన్సరులోను పేరుకొనును. బండి క్రమముగా బలము తగ్గి, ఎక్కలేని గొంతుతో మూలుగును. అప్పుడు సిలిండరు తల విప్పి మసి గీకించి, సైలెన్సరు లోపలి గొట్టమును శుభ్రపరచినచో పాత సత్తువ వచ్చును. యువకులు కొందరు ఈ పని చేయింపక, లోపలి గొట్టమునే తీసివేసి, వీధి అదరునట్లు మోత చేయుచు తిరుగుచున్నారు. వేగము హెచ్చినదని వారి భ్రమ. టూ-స్ట్రోకులో పొగ వెడలునప్పుడు కాలని క్రొత్త మిశ్రమము కొంత వెంటబడి పోవును. దానిలో కొంతభాగమును వెనుకకు నెట్టుటకు సైలెన్సరు ఆకారము తోడ్పడును. దానిని చెరచినచో పెట్రోలు హెచ్చుగా పోవును, క్రింది వేగములలో బలము తగ్గును. ఇరుగుపొరుగువారి నిద్ర చెడుట వేరే సంగతి. కన్నడసోదరుల నడుమ మర్యాదస్తులమని పేరు తెచ్చుకొని తరతరములుగా బ్రతుకుచున్న వారము మనము. ఆ పేరును సైలెన్సరులోని రేకు గొట్టమునకై పోగొట్టుకొనరాదు.

నాలుగవది నేటి పెట్రోలు. 2025 నాటికి దేశమంతట పెట్రోలులో నూటికి 20 వంతుల ఈథనాలు కలుపుట అమలునకు వచ్చినది. పాతబండ్లు దీనిని ఉద్దేశించి చేసినవి కావు. ఈథనాలు పాతరకపు రబ్బరు గొట్టములను, వాషర్లను మెత్తబరచును. గాలిలోని తేమను పీల్చి నీటిని తొట్టి అడుగున చేర్చును. మిశ్రమమును కొంత పలుచన చేయును. కావున గొట్టములను ఈథనాలునకు తట్టుకొను రకమునకు మార్పించుడు. నెలల తరబడి తొట్టిలో పెట్రోలు నిలువయుంచకుడు. బండిని కొన్నివారములు నిలుపవలసినచో కార్బొరేటరులోని పెట్రోలును వంపివేయుడు. ప్లగ్గు విప్పి చూచినచో రంగే సంగతి చెప్పును. కాఫీపొడి వన్నె యున్నచో క్షేమము. తెల్లనైనచో మిశ్రమము పలుచన, యంత్రము వేడి. నల్లగా తడిగానున్నచో పెట్రోలో నూనెయో హెచ్చు.

మూలబడిన బండిని లేపుట

ఏండ్ల తరబడి నిలిచిన బండిని ఇంటికి వచ్చిన అల్లుడు ఉత్సాహముగా పదిమార్లు కిక్కు కొట్టుట మనమెరిగినదే. దయచేసి అట్లు చేయనీయకుడు. మొదట ప్లగ్గు విప్పి, రంధ్రములో ఒక చెంచా టూ-స్ట్రోకు నూనె పోసి, ఒక పూట ఉంచవలెను. పిమ్మట పై గేరులో వేసి వెనుక చక్రమును చేతితో మెల్లగా త్రిప్పిచూడవలెను. బిగిసియున్నచో బలవంతము చేయక మెకానిక్కునకు చూపుడు. తిరిగినచో పాత పెట్రోలు పారబోసి, తొట్టిలో త్రుప్పు చూచి, కార్బొరేటరు కడిగి, పాయింట్లు శుభ్రము చేసి, అప్పుడు మాత్రమే కిక్కు కొట్టవలెను. ఏండ్లకొలది ఎండిన సీళ్లు మొదటి దినము పనిచేసినట్లు కనబడి పదవదినమున చెడును గనుక, నడుపదలచినచో వానిని ముందే మార్పించుట లాభము. నడచుట యెంత ముఖ్యమో ఆగుటయు అంతే. బ్రేకు లైనింగులు, కేబుళ్లు, టైర్లు మార్చక రోడ్డెక్కరాదు. టైరు గాడి లోతుగానున్నను, ఏండ్లు గడచి రబ్బరు బీటలు వారినచో అది పనికిరాదు.

సిలిండరును బోరు చేయించుటకును హద్దు కలదు. అరిగిన సిలిండరును పెద్దచేసి, సాధారణముగా పావు మిల్లీమీటరు చొప్పున పెద్దదగు పిస్టను వేయుదురు. ఎంత పెద్దదో పిస్టను తలపై అంకెయుండును. పాతబండి కొనువారు ఆ అంకెను చూపుమనవలెను. బోరు చేయించినకొలది సిలిండరు ఆయువు తరుగును. హద్దు దాటినచో క్రొత్త స్లీవు వేయింపవలసివచ్చును. బోరు చేయించిన పిమ్మట మొదటి కొన్ని వందల కిలోమీటర్లు బరువు మోయింపక, వేగము హెచ్చింపక నడుపవలెను.

విడిభాగములను గూర్చి, వర్తకులమై యుండియు, ఒక నిజము చెప్పవలసియున్నది. 2018లో జావా పేరు, 2022లో యెజ్డి పేరు తిరిగి విపణికి వచ్చినవి. అవి ఫోర్-స్ట్రోకు యంత్రములు. వాని యంత్రపు భాగములు పాతబండికి అమరవు. పాతబండికి ఇప్పుడు దొరకువానిలో చాలభాగము ఇతరులు పోతపోసి చేసినవి. వానిలో మంచివి కలవు, పనికిరానివియు కలవు. పెట్టెపై అచ్చును చూచి కొనకుడు. పాత భాగమును చేత బట్టుకొని వచ్చి, ప్రక్కప్రక్కన పెట్టి, బరువు, కొలత, గీతలు సరిచూచి కొనుడు. అట్లు చూడనీయని అంగడిలో, అది మాదే యైనను, కొనకుడు. రంగు, తళతళలకు ముందుగా వ్యయము చేయకుడు. ఇల్లలుకగానే పండుగ కాదని పెద్దలన్నమాట ఈ విషయమునను నిజమే.

కాగితముల సంగతి

ఇప్పుడు చెప్పబోవునది యంత్రము కంటెను ముఖ్యమైనది. మనయిండ్ల బండ్లలో సగమునకు సీళ్ల రోగముకంటె కాగితముల రోగమే హెచ్చని మా అనుభవము.

మోటారు సైకిలు మొదటి రిజిస్ట్రేషను 15 ఏండ్లు చెల్లును. పిమ్మట బండిని తనిఖీ చేయించి, రుసుము చెల్లించి, 5 ఏండ్లకొకమారు పొడిగించుకొనవలెను. పదునైదేండ్లు దాటగనే ఎల్లచోట్ల బండి తుక్కుక్రింద పోవలెనని కొందరు భయపడుచున్నారు. అది ఢిల్లీ ప్రాంతమునకు సంబంధించిన ఉత్తర్వుల వార్త విని కలిగిన భయము. మన ప్రాంతమున తనిఖీలో నెగ్గిన బండికి పొడిగింపు లభించును. గడువు తీరిన పిమ్మట పొడిగింపక నడుపుట మాత్రము నేరము. భీమా, పొగ పరీక్ష పత్రము తప్పనిసరి. భీమాలేని పాతబండి ఒకరికి తగిలినచో పోవునది బండి వెల కాదు, ఇంటి ఆస్తి.

తండ్రిగారు కాలముచేసినచో ఆ సంగతి 30 దినములలో రిజిస్ట్రేషను కార్యాలయమునకు తెలిపి, 3 నెలలలో వారసుని పేర మార్పునకు దరఖాస్తు చేయవలెనని 1989 నాటి కేంద్ర నియమములు చెప్పుచున్నవి. పొలము పట్టాను, బ్యాంకు ఖాతాను వెంటనే మార్పించు మనము ఈ సంగతిని మరతుము. పది పదునైదేండ్లు గడచిన పిమ్మట మార్పింపబోగా, అన్నదమ్ములు అక్కచెల్లెండ్రు నాలుగు ఊళ్లలో నుందురు. అందరి సమ్మతియు కూర్చుట బండి బాగుచేయించుటకంటె కష్టమగును. ఆలస్యమైనవారు నిరాశపడక, మరణ ధ్రువపత్రము, వారసత్వ పత్రములతో కార్యాలయమునకు పోయి అడుగుడు.

రెండు రాష్ట్రముల నడుమ బంధుత్వములున్న మనకు మరియొక చిక్కు కలదు. కర్నూలులో రిజిష్టరైన బండిని మేనమామ మేనల్లునికిచ్చును. అది బళ్లారిలోనో మైసూరులోనో తిరుగుచుండును. ఒక రాష్ట్రపు బండి మరియొక రాష్ట్రమున 12 నెలలు మించి యుండినచో, మొదటి కార్యాలయమునుండి ఆక్షేపణ లేదను పత్రము తెచ్చి, ఇక్కడ రిజిష్టరు చేయించి, పన్ను చెల్లింపవలెను. ప్రేమతో ఇచ్చిన బండి త్రోవలో పట్టుబడినప్పుడు మేనమామగారి ఉత్తరము చూపిన సరిపోదు.

2021లో ఏబదియేండ్లు దాటిన బండ్లకు వింటేజి రిజిస్ట్రేషను నియమములు వచ్చినవి. మూలరూపము చెడని బండ్లకే అది వర్తించును. అందుకు రుసుము హెచ్చు. అట్లు రిజిష్టరైన బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతునకు తీసికొనిపోవచ్చును గాని నిత్యవ్యవహారమునకు వాడరాదు. బజారునకు బండిపై పోదలచినవారు సామాన్య రిజిస్ట్రేషనునే పొడిగించుకొనుట మేలు. గొప్పకొరకు వింటేజి అనిపించుకొని పిమ్మట ఇంట నిలుపుకొనుటలో అర్థము లేదు.

మా యెదుట జరిగిన సంగతి యొకటి చెప్పెదము. మనవారిలోని ఒక వృద్ధమాత, భర్తగారి యెజ్డి బండి పదునొకండేండ్లు వసారాలో నిలిచియుండగా, వరండా బాగుచేయించునప్పుడు అడ్డమని తుక్కువానికి తూకమునకు అమ్మినారు. కొనినవాడు “కాగితముకూడ ఇమ్మ”నగా ఆ పుస్తకమును ఇచ్చివేసిరి. నెల తిరుగక మునుపే వారి మనుమడు సెలవులకు వచ్చి, తాతగారి బండి నేర్చుకొనెదనని అడిగినాడు. మేము ఆ తుక్కుదుకాణమునకు పోయి విచారించితిమి. చట్రము అప్పటికే కోసియుండిరి. యంత్రము విడిగా మరియెవరికో పోయినది. పుస్తకము ఏమైనదో చెప్పువాడు లేడు. ఆ తల్లి అన్నమాట ఇది: “నాయనా, దానికి వెలయున్నదని గాని, అది పనికివచ్చునని గాని ఇన్నేండ్లలో ఒక్కరును నాతో అనలేదు.”

ఈ మాటలో దొంగలకు ఉపయోగపడు సంగతియు ఒకటి దాగియున్నది. తుక్కునకిచ్చిన బండి పుస్తకము దొంగబండికి పేరుగా మారవచ్చును. ఏదైన నేరము జరిగినచో పోలీసులు మొదట వచ్చునది పుస్తకములోని పేరింటివారి గుమ్మమునకే. బండి తుక్కయినచో 14 దినములలో కార్యాలయమునకు తెలిపి రిజిస్ట్రేషను రద్దుచేయించుట యజమాని విధి. కొనువారును చట్రముపై అంకె, యంత్రముపై అంకె పుస్తకముతో సరిపోవునా యని తమ కంటితో చదివి చూడక బయానా ఇయ్యరాదు.

పొగను గూర్చి నిజము

ఈ బండ్లను ప్రేమించువారు వాని దోషమును దాచిపెట్టరాదు. ఎంత బాగుగానున్నను టూ-స్ట్రోకు యంత్రము కాలని పెట్రోలును కొంత బయటికి వదలును, నూనెను కాల్చును. కర్మాగారములు వీనిని విడిచినది ఈ కారణముననే. కావున దినమునకు ఏబది కిలోమీటర్లు పోయి వచ్చువారికి ఈ బండి తగదని మేము స్పష్టముగా చెప్పుచుందుము. వారమునకొకటి రెండుమార్లు, సరియైన కొలత నూనెతో, మంచి సీళ్లతో నడుపువాని బండి పొగ స్వల్పము. ఇరుకుసందులో బండిని నిలిపి, పసిపిల్లలున్న యింటి కిటికీ యెదుట పొగబెట్టుట ఎవరికిని తగదు. పాతవస్తువును గౌరవించువాడు పొరుగువాని ఊపిరిని మరి యెక్కువగా గౌరవింపవలెను.

చేతివిద్య

చివరగా ఒక్క విన్నపము. ఈ యంత్రములు బ్రతికియున్నది బాగుచేయువారి చేతులలో. చెవి యొగ్గి శబ్దము వినగానే బిగ్ ఎండు బేరింగు పోయినదా, పిస్టను పిన్ను వదులైనదా చెప్పగల వృద్ధ మెకానిక్కులు ఈ ఊరిలో ఇంకను కొందరు కలరు. జావా బండిలో కిక్కునకును గేరునకును ఒకే లివరు ఎందుకున్నదో, ఒక్క సిలిండరునకు రెండు సైలెన్సర్లు ఎట్లు పంచబడెనో వారు విప్పి చూపగలరు. వారు మాటలాడునది కన్నడము, ఉర్దూ, తమిళము, తెలుగు కలిసిన కార్ఖానా భాష. వారి విద్య యే పుస్తకములోను పూర్తిగా ఎక్కలేదు. వారి కుమారులు వేరు పనులకు పోయిరి. వారు పోయిన పిమ్మట మనయొద్ద విడిభాగములుండవచ్చును గాని అమర్చువాడుండడు.

కావున మూడు పనులు చేయుదమని మా సూచన. ఒకటి, ఇంట పాతబండి యున్న ప్రతి కుటుంబమువారు ఈ నెలలోనే దాని పుస్తకము తీసి, ఎవరి పేరున్నదో, గడువు ఎప్పుడు తీరినదో చూడవలెను. ఆ వివరములతో వచ్చినవారికి దరఖాస్తులు వ్రాసిపెట్టుటకు మన యువకులు కొందరు ముందుకు వచ్చిరి. రెండు, నెలకొక ఆదివారము మా అంగడి వెనుకనున్న ఖాళీస్థలమును, పనిముట్లను ఇచ్చెదము. ఒక వృద్ధ మెకానిక్కు ఒక బండిని విప్పి చూపును. ఆయనకు దినకూలి సంఘము తరపున ఇయ్యవలెను. విద్యను ఉచితముగా అడుగుట వర్తకులకు సిగ్గుచేటు. మూడు, అక్కడ చెప్పిన మాటలను మన పిల్లలు తెలుగులో వ్రాసి ఈ పత్రికకు పంపవలెను. తెలుగు వ్రాయుట మరచుచున్న పిల్లలకు పద్యము కంఠపాఠము చేయించుట ఎంత అవసరమో, చేతనున్న పనిని తెలుగులో చెప్పగలుగుటయు అంత అవసరము. స్పానరు పట్టిన చేయి వ్రాసిన వాక్యములో తప్పులున్నను దిద్దుకొనవచ్చును.

ఇవి చేసిన పిమ్మటను కొందరు, “మా వలన కాదు, అమ్మివేయుదుము” అందురు. అందులో తప్పేమియు లేదు. తండ్రిగారి జ్ఞాపకము బండిలోనే యుండదు. కాగితములు సరిచేసి, యంత్రపు స్థితిని దాచక చెప్పి, నడుపగల వానికి న్యాయమైన వెలకు అమ్ముడు. ఆ బండి మరియొకరి వాకిట బ్రతికియుండుట మన వసారాలో త్రుప్పుపట్టుటకంటె తండ్రిగారికి గౌరవము.

మొదటి ఆదివారమునకు బండి కావలెను. ఎవరియింట మూలబడినది యున్నదో వారు సభ ముగిసినపిమ్మట మాతో చెప్పుడు. తెచ్చుటకు సరకుల ఆటో మేమే పంపెదము.